మొక్కుబడి గొంతు: కాశీనగరం వైపు నుంచి వచ్చిన ఒక పాస్టరమ్మ గారి కేసు

నేను ఒడిశాలోని బరంపురంలో స్పీచ్ థెరపిస్టుని, వినికిడి పరీక్షలు కూడా చేస్తాను. నా దగ్గరికి వచ్చే గొంతు కేసుల్లో టీచర్లు, బస్టాండులో కేకలేసి అమ్ముకునేవాళ్లు, పురోహితులు, సంఘాల్లో పాడేవాళ్లు ఎక్కువ. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం ఒకటే, మొదటి మూడు వారాలు నేను తప్పు దారిలో వైద్యం చేశాను. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. వాళ్ల సంఘంలో అందరూ పిలిచినట్టే పాస్టరమ్మ గారు అంటాను.

ఆమెకి 38 ఏళ్లు. గజపతి జిల్లాలో కాశీనగరం దాటాక, వంశధారకి దగ్గర్లో ఒక పల్లె. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు దగ్గరి పట్నం పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లింది, దాని పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది, కానీ ఇళ్లలో మాట రెండు వైపులా తెలుగే. భర్త చిన్న సంఘానికి పాస్టరు, ఆ జీతంతో ఇల్లు గడవదు కాబట్టి కరెంటు పనులు కూడా చేస్తారు. కూతురికి 15, కొడుక్కి 9. భర్త తండ్రి కూడా వాళ్లతోనే ఉంటారు, ఆయన పాతకాలపు ప్రసంగీకులు. ఆయన గురించి తర్వాత చాలా చెప్పాలి.

పాస్టరమ్మ గారు పాడడమే కాదు, పాటలు కడతారు. తెలుగులో నలభైకి పైగా కట్టారు, కొండ మీద సవర గిరిజనుల ఊళ్లలో ప్రార్థన కూడికలకి వెళ్లి వెళ్లి సవర మాటలు నేర్చుకుని ఆ భాషలోనూ నాలుగైదు. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లాలో ముగ్గురిలో ఒకరికి పైగా క్రైస్తవులే, అంటే చుట్టుపక్కల సంఘాలు చాలా, పిలుపులూ చాలా. ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకో రాత్రి ప్రార్థన, మధ్యలో పెళ్లిళ్లు, భూస్థాపనలు, డిసెంబరు వస్తే ఇక ఊరూరా పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లు. పాడినందుకు ఎక్కడా డబ్బు తీసుకోరు. బస్సు ఛార్జీ ఇస్తే తీసుకుంటారు.

జనవరి రెండో వారంలో వచ్చారు. పొద్దున్నే గుణుపురం లైను రైలెక్కి భర్తతో దిగారు. గొంతు బొంగురు, ఏడాది దాటింది. సోమవారం పొద్దున మాటే రాదు, బుధవారానికి కాస్త తేరుకుంటుంది, శుక్రవారం మళ్లీ మొదటికి. పై స్థాయిలో స్వరం తెగిపోతోంది. అంతకుముందు చూసిన ఒక డాక్టరు ఏమీ వివరించకుండా "నెల రోజులు పాడొద్దు" అని చీటీ రాసి పంపేశారట, ఆ నెలలో ఆమె పదకొండు సార్లు పాడారు.

ఇక్కడి ఈఎన్‌టీ డాక్టరు గారు స్ట్రోబోస్కోపీ, అంటే స్వరతంత్రులు కదిలే తీరు చూపించే పరీక్ష చేసి వీడియో పంపారు. రెండు స్వరతంత్రుల మీదా నాడ్యూల్స్, ముందు మూడో వంతు, మధ్య మూడో వంతు కలిసే చోట, ఎదురెదురుగా. పలుగు పట్టి పట్టి అరచేతిలో కాయలు కాస్తాయే, అలాంటివే ఇవి. తంత్రులు అన్నిటికన్నా గట్టిగా కొట్టుకునే చోటు అదే కాబట్టి అక్కడే పుడతాయి. క్యాన్సరు కాదు, మొదటి వైద్యం ఆపరేషనూ కాదు, స్వర సాధనే. ఈ మాట చెప్పగానే ఆవిడ భర్త కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఇన్నాళ్లూ ఆయనకి ఏ టెన్షన్ ఉందో అప్పుడు తెలిసింది నాకు.

నా కొలతలు ఇవీ. ఒక్క ఊపిరితో "ఆ" పట్టమంటే 8 సెకన్లు, ఆడవాళ్లకి 15 దాటడం మామూలు. "స్‌స్" 14 సెకన్లు పట్టి "జ్‌జ్" 8 దగ్గరే ఆపేశారు, నిష్పత్తి 1.75. ఇది 1.4 దాటిందంటే తంత్రులు సరిగ్గా మూసుకోవడం లేదని అనుమానించాలి. గొంతు వల్ల బతుకులో ఎంత ఇబ్బంది అని పది ప్రశ్నలడిగి 40కి లెక్కకట్టే పద్ధతి ఒకటుంది, 11 దాటితే పట్టించుకోవాలి, ఆమెకి 27 వచ్చింది.

నేనేం చేశానంటే, అందరికీ ఇచ్చే కాగితమే ఆమెకీ ఇచ్చాను. రెండు వారాలు మౌనం, తర్వాత తక్కువ మాట, నీళ్లు ఎక్కువ, కారం తక్కువ. ఆమె కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుని "ప్రయత్నిస్తాను మేడమ్" అన్నారు. ఆ మాట అన్న తీరులోనే నాకు అర్థమవాల్సింది.

మూడు వారాల తర్వాత వచ్చేసరికి గొంతు ఇంకా పాడైంది. ఇంట్లో మౌనం బదులు గుసగుసగా మాట్లాడారు, గుసగుస చాలామందిలో గొంతు కండరాల్ని మరింత బిగిస్తుంది, ఆ సంగతి నేను ముందే గట్టిగా చెప్పలేదు. తొమ్మిదో రోజున సంఘంలో ఒక ముసలమ్మ చనిపోయింది. భూస్థాపనలో పాడకుండా ఉండలేకపోయారు. "ఆ అమ్మకి నా పాటంటే ఇష్టం మేడమ్. పెట్టె దగ్గర నిలబడి నోరు మూసుకుని ఎలా ఉండమంటారు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే నా దగ్గర జవాబు ఉందేమోనని అడిగారు.

ఆ రోజు వ్యాయామాలేమీ చేయించలేదు. అసలు ఈ పాటలు ఎలా మొదలయ్యాయో చెప్పమన్నాను.

కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. ఆసుపత్రిలో పిల్లాడు లోపల గాజు పెట్టెలో, ఈమె బయట వరండాలో చాప మీద. పదకొండో రాత్రి పిల్లాడికి ఊపిరి అందడం లేదని నర్సు వచ్చి చెప్పి వెళ్లింది. అప్పుడు మొక్కుకున్నారు: వీడు బతికితే, నేను బతికినంత కాలం ఎక్కడ పాడమన్నా కాదనను. బైబిల్లో 104వ కీర్తనలో ఉన్న మాటే అది, ఉన్నంతకాలం పాడతాననడం. ఆ రాత్రే ఒక పాట నోట్లోకి వచ్చింది, పల్లవీ రెండు చరణాలూ తెల్లవారేసరికి కుదిరాయి, మూడో చరణం పిల్లాడు ఇంటికొచ్చాక. అంటే నేనూ, నాకన్నా ముందు చూసిన డాక్టరూ "పాడొద్దు" అని రాసిచ్చిన ప్రతిసారీ ఆమెకి వినిపించింది "మొక్కుబడి తీర్చకు" అని. ఇక ఆ కాగితాన్ని ఎలా పాటిస్తారు?

మాది హిందువుల ఇల్లు, బైబిలు నాకు పెద్దగా తెలియదు. కానీ మొక్కు అంటే ఏమిటో మా అమ్మ ముఖంలో చూశాను, తెలుసు. వైద్యం ఆ మొక్కుని పక్కన పెట్టి కాదు, దాన్ని నిలబెట్టేలా ఉండాలని ఆ రోజు నిర్ణయించుకున్నాను. కేసు ఫైల్లో లక్ష్యం అన్న చోట "నాడ్యూల్స్ తగ్గించడం" కొట్టేసి "అరవై ఏళ్లొచ్చినా పాడగలగడం" అని రాసి ఆమెకి చూపించాను.

తర్వాత ఆమె ఫోను అడిగాను. కొత్త పాట నోట్లోకి రాగానే పాడి రికార్డు చేసుకోవడం ఆమెకి అలవాటు, ఆరేళ్లవి తేదీలతో సహా ఉన్నాయి. ఫోను మారినప్పుడల్లా భర్త మెమరీ కార్డు జాగ్రత్తగా మార్చి పెట్టారు. కుక్కరు విజిల్, కోడికూత, వెనకాల పిల్లల గొడవ, వాటి మధ్య ఈమె పాట. రెండు రాత్రులు కూర్చుని అన్నీ విన్నాను, కొన్నిటిని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి శ్రుతి కొలిచాను. నా ఉద్యోగంలో రోగి గొంతు జబ్బుకి ముందు ఎలా ఉండేదో వినే అవకాశం దాదాపు దొరకదు, ఇక్కడ ఆరేళ్ల చరిత్ర చేతిలో ఉంది.

రెండేళ్ల క్రితం దీపావళి దాకా గొంతు శుభ్రంగా ఉంది, నేతితో దీపం వెలిగించినట్టు. ఆ క్రిస్మస్ నుంచి గాలి కలిసిన బొంగురు మొదలైంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి కనపడింది. పాత రికార్డింగులన్నిట్లో ఆమె షడ్జం, అంటే పాటకి ఆధారమైన "స", బి ఫ్లాట్ దగ్గర, అంటే హార్మోనియం వాళ్ల లెక్కలో ఆరున్నర శ్రుతి. ఆ క్రిస్మస్ తర్వాత అన్నీ డి, రెండు శ్రుతి. తేడా నాలుగు మెట్లు. వరండాలో కట్టిన ఆ పాట మూడో చరణంలో ఆమె తార గాంధారం, అంటే పై స్థాయి "గ" అందుకుంటారు, ఆరున్నరలో అది సుమారు 587 హెర్ట్జ్, రెండులో 740. అంటే ఆ ఒక్క స్వరం పట్టినప్పుడు తంత్రులు సెకనుకి 740 సార్లు తగులుకుంటున్నాయి, అదీ అరుస్తూ పట్టినప్పుడు.

ఆ క్రిస్మస్‌కి ఏమైందని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమే చెప్పారు: "మావయ్య పెట్టె వాయించడం మానేశారు మేడమ్."

మావగారి కథ ఇక్కడ చెప్పాలి. ఆయన ఊరూరా నడిచి సువార్త ప్రకటించిన మనిషి, చంకలో బైబిలు, భుజాన హార్మోనియం పెట్టె. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో పెద్ద పేరైన పురుషోత్తమ చౌదరి గారిది ఈ పర్లాకిమిడి ప్రాంతమే, 1803లో పుట్టి 1890 దాకా ఉన్నారు. ఆయన కీర్తనలు మావగారికి పుస్తకం లేకుండా వచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం వేసి ఉంటాయి కదా, కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చోబెట్టుకుని రాగం పేరు చెప్పి మరీ నేర్పారు. ఆమె పాటలు కడుతుంటే మొదట వినేది ఆయనే, దిద్దేది ఆయనే. చదివింది ఏడో తరగతి, తర్వాత సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు, ఆమె గురువు ఆయనే.

ఆయనకి వినికిడి తగ్గింది. శ్రుతి తప్పుతున్నానని అనుమానం వచ్చి పెట్టె మూసేశారు, ఎవరికీ కారణం చెప్పలేదు. సంఘం వాళ్లు కీబోర్డు, రెండు పెద్ద బాక్సులు కొన్నారు, కుర్రాడొకడు యూట్యూబ్ చూసి వాయించడం నేర్చుకున్నాడు, వాడికి డి స్కేలు ఒక్కటే చేతికి వచ్చు, మగవాళ్లకి అది హాయిగా ఉంటుంది కూడా. బాక్సులు రెండూ జనం వైపు తిరిగి ఉంటాయి, వెనక నిలబడ్డ ఈమెకి తన గొంతు తనకే వినపడదు. చుట్టూ మోత పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచేస్తాం, దాన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. అన్నిటికీ మించి మావగారు ముందు వరసలో కూర్చుంటారు. "ఆయనకి వినపడుతోందా లేదా అని చూసుకుంటూ పాడతాను. ముఖంలో ఏమీ కదలకపోతే ఇంకా గట్టిగా పాడతాను" అన్నారు. ఇంట్లో కూడా అంతే, భోజనానికి పిలవాలన్నా, మందు వేసుకున్నారా అని అడగాలన్నా కేకే. వారం రోజులు డైరీ రాయమంటే తేలిందేమిటంటే, గొంతు మీద బరువు సగం మందిరంలో కాదు, ఇంట్లో పడుతోంది.

అప్పుడు నేను పాస్టరు గారితో, వచ్చేసారి నాన్నగారిని కూడా తీసుకురండి అన్నాను.

ఆయన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతికర్రతో వచ్చారు. పరీక్ష చేస్తే 500 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్, 4000 దగ్గరికి వచ్చేసరికి 75, అంటే అంత పెద్ద శబ్దమైతేనే వినపడుతుంది. వయసుతో వచ్చే చెవుడు ఇలాగే ఉంటుంది, పై పౌనఃపున్యాలు, అంటే సన్నని ధ్వనులు, ముందు పోతాయి. ఈ సంగతి కోడలికి కాగితం మీద గీసి చూపించాను, ఎందుకంటే మొత్తం కేసులో మలుపు ఇదే. స, ష, త లాంటి హల్లుల బలం చాలావరకు పైన, 2000 హెర్ట్జ్ దాటాక ఉంటుంది. అచ్చుల బలం కింద ఉంటుంది. మనం అరిస్తే ఎక్కువగా పెరిగేది అచ్చులే. అంటే ఆమె ఎంత అరిచినా ఆయనకి "ఆ ఊ" అన్న మోత పెరుగుతుంది తప్ప మాట తెలియదు. రెండేళ్లు గొంతు కోసుకున్నా ఆయనకి అందింది ఏమీ లేదు. ఇది విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మావగారి పక్కకి వెళ్లి కూర్చున్నారు.

వినికిడి మిషను, వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో ఇప్పించాం, ధ్రువపత్రం పని పాస్టరు గారే తిరిగి చేయించుకున్నారు. మావగారు మొదట ఒప్పుకోలేదు, "నా చెవి దేవుడికి తెలుసు" అన్నారు. పెట్టుకున్నాక కూడా గిన్నెల చప్పుడు భరించలేక తీసి జేబులో వేసుకునేవారు. మెదడు మళ్లీ అలవాటు పడడానికి వారాలు పడుతుంది, మొదట ఇంట్లో గంటసేపు, తర్వాత రెండు గంటలు, మందిరంలో చివర అని చెప్పాను. ఆరు వారాలు పట్టింది. ఇంట్లో అందరికీ ఒక్క రూలు: దూరం నుంచి పిలవొద్దు, ఎదురుగా వెళ్లి, ముఖం కనపడేలా, నెమ్మదిగా మాట్లాడాలి.

మందిరం పని ఇంకా సులువుగా అయింది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటను ఉంటుంది, మైనస్ నాలుగు పెడితే వాడు డి స్కేలు వాయించినట్టే వాయిస్తాడు, బయటికి బి ఫ్లాట్ వస్తుంది. కుర్రాడు ముందు భయపడ్డాడు కానీ రెండు ఆదివారాల్లో సరిపోయాడు. మగవాళ్లకీ ఇబ్బంది కాలేదు. ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు పాస్టరమ్మ గారు ఏడ్చారు. "అది మావయ్య శ్రుతే కదా మేడమ్" అన్నారు. ఒక చిన్న స్పీకరు ఆమె వైపు తిప్పి పెట్టారు.

గొంతు సాధన గురించి కూడా రాయాలి, ఇవేవీ లేకుండా పై మార్పులు మాత్రమే సరిపోయేవి కావు. ముఖ్యంగా స్ట్రా సాధన. సీసాలో రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లలో స్ట్రా ముంచి, దానిలోకి "ఊ" అంటూ ఊదాలి, బుడగలు సమంగా రావాలి, అలాగే కింది స్థాయి నుంచి పైకి జారాలి. పెదవుల దగ్గర ఎదురయ్యే ఒత్తిడి వెనక్కి వెళ్లి తంత్రుల్ని కాస్త విడదీసి పట్టుకుంటుంది, అందుకని గట్టిగా కొట్టుకోకుండానే స్వరం మోగుతుంది. రోజుకి ఐదారు సార్లు, ఐదేసి నిమిషాలు, పాడేముందు, పాడాక తప్పనిసరి. మొదటి వారం ఊళ్లో స్ట్రా దొరక్క బొప్పాయి ఆకు కాడ కోసుకుని చేశారట. ఆలోచన నాకు ఎంతో నచ్చింది, కానీ బొప్పాయి పాలు నోటికి మంచిది కాదని సరైన గొట్టాలు ఇచ్చి పంపాను. ఆ తర్వాత మూసిన పెదాలతో గుంయ్ మనిపించడం, మెడ, దవడ వదులు చేయడం, మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం. పదహారు వారాల్లో పది సెషన్లు, నాలుగు వీడియో కాల్లో.

కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం ఆమెకి అలవాటు. మానమనలేదు, కానీ మింగినదేదీ స్వరతంత్రులకి తగలదు, అది అన్నం దారి, ఇది ఊపిరి దారి అని బొమ్మ చూపించాను. నీళ్లు ఒంట్లోకి వెళ్లి అక్కడినుంచి తంత్రులకి తడి చేరాలి. శుక్రవారం ఉపవాసంలో నీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం దాకా పాడతారని తెలిసి నేను ఏమీ అనలేదు, పాస్టరు గారితో మాట్లాడుకోమన్నాను. వాళ్లిద్దరూ మాట్లాడుకుని నీళ్లు తాగే ఉపవాసమే చేయాలని నిర్ణయించుకున్నారు. రాత్రి ప్రార్థన అయ్యాక ఆవకాయతో అన్నం తిని వెంటనే పడుకోవడం మాత్రం నేనే మాన్పించాను, ఈఎన్‌టీ డాక్టరు గారికి వీడియోలో ఆసిడ్ పైకి తన్నుతున్న గుర్తులు కూడా కనిపించాయి.

మిగిలింది మొక్కుబడి. వచ్చిన ప్రతి పిలుపుకీ వెళ్లడం, వెళ్లిన ప్రతి చోటా మొదటి నుంచి చివరిదాకా తానే పాడడం. ఇందులో నేను నోరు విప్పలేదు. ఐదో సెషన్లో ఆమే అన్నారు. బైబిల్లో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు ఎత్తినంతసేపు ఇశ్రాయేలు గెలిచింది, చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరో పక్కా పట్టుకున్నారు, చేతులు మోషేవే కదా అని. ఆ వారం నుంచి పల్లవి ఆమె ఒకసారి ఎత్తుకుంటారు, స్త్రీల గుంపు తిరిగి అందుకుంటుంది, చరణం ఆమెది, మళ్లీ పల్లవి జనానిది. పాత కీర్తనలు పాడుకునే పద్ధతి కూడా ఇదేనట. డైరీ ప్రకారం ఆదివారం ఆమె ఒంటరిగా పాడే సమయం 70 నిమిషాల నుంచి 25కి దిగింది. పాటలు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు.

ఒక్క విషయంలో నేను అనుకున్నట్టు జరగలేదు. వరండాలో కట్టిన పాటలో మూడో చరణం, ఆ తార గాంధారం, శ్రుతి దించాక కూడా గాలి కలిసే వస్తోంది. ఆ వరస కొంచెం కిందికి మార్చుకోండి, మీరు కట్టిందే కదా అన్నాను. "నేను కట్టింది కాదు మేడమ్, నాకు ఇచ్చింది" అన్నారు. అంతటితో ఆ మాట ఆపేశాను. వారం తర్వాత కూతుర్ని తీసుకుని వచ్చి, ఆ ఒక్క చరణం ఇది పాడితే దీని గొంతుకి ఏమైనా అవుతుందా చూడండి అన్నారు. పరీక్షించాను, పిల్లకి ఆ స్వరం అవలీలగా ఉంది, అయినా స్ట్రా సాధన దానికీ నేర్పి పంపాను.

మే నెలలో మళ్లీ స్ట్రోబోస్కోపీ. కుడి వైపు నాడ్యూల్ పోయింది, ఎడమ వైపు చిన్నది మిగిలింది. "ఆ" 14 సెకన్లు, ప్రశ్నల లెక్క 10. సోమవారం పొద్దున మాట వస్తోంది. ఎడమది పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను, డిసెంబరు సీజను అసలు పరీక్ష, నవంబరులో ఒకసారి రమ్మన్నాను.

మొన్న ఫోన్లో ఒక రికార్డింగు పంపారు, ఆదివారం ఆరాధనది. మొదటి రెండు చరణాలు ఆమె, మూడోది కూతురు. దాని కింద ఒక వాయిస్ మెసేజ్. ఆరాధన అయ్యాక మావగారు దగ్గరికి వచ్చి, మూడో చరణం పాడింది నువ్వు కాదు కదమ్మా, ఎవరు అని అడిగారట. రెండేళ్లలో ఆయన పాట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. "మన పిల్లే మావయ్యా అన్నాను మేడమ్. పెట్టె ఎక్కడ పెట్టావు, దుమ్ము దులపమన్నారు."